మాత్ర ఆపమన్నదెవరు?

మూసాపేట మెట్రో స్టేషను వెనకాల గల్లీల్లో ఒక ఇల్లు ఊహించుకోండి. కూతురికి హైటెక్‌సిటీలో ఉద్యోగం. సూర్యాపేటలో ఉండే తండ్రికి హెర్నియా ఆపరేషన్ చేయించాలని తన దగ్గరికి తెచ్చుకుంది. ఆయనకు రెండేళ్ల కిందట గుండె లయ తప్పిందని అక్కడి డాక్టరు రాసిచ్చిన మాత్ర ఒకటుంది. 'రక్తం పలచబడే మాత్ర' అని ఇంట్లో అందరికీ తెలుసు. పేరు మాత్రం ఎవరికీ తెలియదు. ఆపరేషన్ వచ్చే గురువారం. పక్కింటాయన వచ్చి "అన్నయ్యగారూ, ఆ మాత్ర ముందు ఆపెయ్యండి. మా బావమరిదికి ఆపకుండా కోస్తే రక్తం ఆగితే ఒట్టు" అన్నాడు. మందుల షాపు కుర్రాడు "మూడు రోజులు ఆపితే చాలు సార్" అన్నాడు. ఊళ్లో డాక్టరు ఫోను ఎత్తలేదు. ఆదివారం పొద్దున ఆయన తనంతట తానే మాత్ర మానేశాడు. కూతురికి కూడా చెప్పలేదు.

ఇది ఊహే. కానీ ఇందులో ఒక్క వాక్యమైనా మీ ఇంట్లోనో, మీ చుట్టాలింట్లోనో జరగలేదని చెప్పగలరా?

కూకట్‌పల్లి నుంచి మాదాపూర్ దాకా ఉద్యోగాల కోసం వచ్చి స్థిరపడిన కుటుంబాల్లో ఇది మామూలు సంగతి. అమ్మానాన్నల గుండె డాక్టరు ఊళ్లో ఉంటాడు. కోసే డాక్టరు హైదరాబాద్‌లో ఉంటాడు. ఇద్దరికీ మధ్య వారధి ఒక ప్లాస్టిక్ కవరు. అందులో పాత ఈసీజీలు, రంగు వెలిసిన బిల్లులు, సగం చింపిన మాత్రల స్ట్రిప్పులు. చింపిన సగంలోనే మందు పేరు ఉంటుంది, అదేం ఖర్మో!

ఆపరేషన్ ముందు ఈ మందుల విషయంలో జరిగే పొరపాట్లు రెండు రకాలు. ఆపాల్సింది ఆపకపోతే రక్తస్రావం. ఆపకూడనిది ఆపితే గుండెపోటో, పక్షవాతమో. మొదటిది ఆపరేషన్ బల్ల మీదే అందరికీ కనిపిస్తుంది. రెండోది వారం తర్వాత ఇంట్లో జరుగుతుంది. అందుకే జనానికి మొదటి భయమే ఎక్కువ.

పలచబడటం కాదు, తోడుకోకపోవడం

అసలు పేరే దారి తప్పిస్తోంది. ఈ మందులతో రక్తం పలచబడదు. పాలలో నీళ్లు పోస్తే పలచబడతాయి, అది వేరు. ఈ మందులు చేసేది తోడు త్వరగా పడకుండా చూడటం. పాలు పాలలాగే ఉంటాయి. పెరుగు కావడానికి మాత్రం ఎక్కువసేపు పడుతుంది.

రక్తనాళానికి గాయమైతే శరీరం గోడకు పడిన కంత పూడ్చినట్టు పూడుస్తుంది. ముందు ప్లేట్‌లెట్లనే చిన్న కణాలు ఇటుకల్లా వచ్చి పేరుకుంటాయి. తర్వాత రక్తంలోని గడ్డకట్టించే ప్రోటీన్లు సిమెంటులా పట్టేస్తాయి. మందుల్లోనూ ఇవే రెండు జాతులు. ఆస్ప్రిన్, క్లోపిడోగ్రెల్, ప్రాసుగ్రెల్, టికాగ్రెలార్ ఇటుకల మీద పనిచేస్తాయి. స్టెంట్ వేసినవాళ్లకు, గుండెపోటు వచ్చినవాళ్లకు ఇచ్చేవి ఇవే. వార్ఫరిన్, దాని దగ్గరి చుట్టం అసినోకుమరాల్ (మన మందుల షాపుల్లో ఎసిట్రోమ్ అంటేనే తెలుస్తుంది), కొత్తగా వచ్చిన డాబిగాట్రాన్, రివరాక్సాబాన్, అపిక్సాబాన్ సిమెంటు మీద పనిచేస్తాయి. గుండె లయ తప్పినవాళ్లకు, లోహపు కవాటం పెట్టినవాళ్లకు, కాలి సిరల్లో గడ్డలు కట్టినవాళ్లకు ఈ రెండో జాతి కావాలి. లోహపు కవాటానికి మాత్రం వీటిలో కొత్త మందులు పనికిరావు. ఆ సంగతి కిందకు వస్తుంది.

అన్నిటినీ 'పలచబడే మాత్ర' అనే ఒకే గాటన కట్టేయడం వల్లే ఇబ్బందంతా. పైన చెప్పిన పెద్దాయన సంగతే చూడండి. ఆయన మాత్ర వార్ఫరిన్ అయితే హెర్నియా ఆపరేషన్‌కు ఐదు రోజుల ముందు, అంటే శనివారం నుంచే ఆపాలి. ఆదివారం ఆపడం ఒకరోజు ఆలస్యం. అసినోకుమరాల్ అయితే రెండు మూడు రోజులు చాలు. అపిక్సాబాన్ అయితే, మూత్రపిండాలు బాగున్నవాళ్లకు, ఇలాంటి ఆపరేషన్‌కు ముందు ఒక్క రోజు మానితే సరిపోతుంది. అప్పుడాయన మూడు రోజులు అనవసరంగా రక్షణ లేకుండా తిరిగినట్టే. అదే ఆదివారం, అదే మనిషి, అదే కోత. మాత్ర పేరును బట్టి తప్పో ఒప్పో మారిపోయింది. మందుల షాపు కుర్రాడి 'మూడు రోజుల' లెక్క ఎక్కడిదో కూడా ఇప్పుడు అర్థమయ్యే ఉంటుంది. ఎవరికో రాసిన ఎసిట్రోమ్ లెక్క అది.

కొమ్ములు కోసిన పశువులు

ఈ మందుల కథ మొదలైందే రక్తం ఆగని కోతలతో. కాకపోతే మనుషులకు కాదు, పశువులకు. 1920లలో కెనడాలోనూ, అమెరికా ఉత్తరాది రాష్ట్రాల్లోనూ రైతులకు వింత కష్టం వచ్చిపడింది. పశువుకు కొమ్ములు కోయించినా, కోడెకు విత్తులు తీయించినా రక్తం కారుతూనే ఉండి చచ్చిపోయేది. ఫ్రాంక్ స్కోఫీల్డ్ అనే పశువైద్యుడు కారణం పట్టుకున్నాడు. స్వీట్ క్లోవర్ అనే మేత తడిసి బూజు పట్టింది. అది తిన్న పశువులకే ఈ జబ్బు. మంచి మేత తిన్నవాటికి ఏమీ కాలేదు.

1933 ఫిబ్రవరిలో విస్కాన్సిన్ రాష్ట్రంలో ఎడ్ కార్ల్‌సన్ అనే రైతు మంచు తుపానులో దాదాపు 190 మైళ్లు బండి తోలుకుంటూ వెళ్లి విశ్వవిద్యాలయంలో కార్ల్ పాల్ లింక్ ప్రయోగశాల తలుపు తట్టాడు. బండిలో చచ్చిన పెయ్య, బూజు పట్టిన మేత, ఒక పాల క్యాను నిండా గడ్డకట్టని రక్తం. మేతలో ఉన్న విషం ఏమిటో తేల్చడానికి లింక్ బృందానికి 1939 దాకా పట్టింది. దాని వరసలోనే తయారైన మరో రసాయనం 1948లో ఎలుకల మందుగా బజారుకొచ్చింది. పరిశోధనకు డబ్బిచ్చిన విస్కాన్సిన్ అలమ్నై రీసెర్చ్ ఫౌండేషన్ పేరులోని పొడి అక్షరాలతో దానికి 'వార్ఫరిన్' అని పేరు పెట్టారు. 1954లో మనుషులకు వాడటానికి అనుమతి వచ్చింది. మరుసటి ఏడాదే గుండెపోటు వచ్చిన అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్‌కు దాన్ని ఇచ్చారు.

ఎలుకల మందు అనగానే మాత్ర డబ్బా అవతల పారేయనక్కర్లేదు. గుండె లయ తప్పినవాళ్లలో పక్షవాతాన్ని వార్ఫరిన్ సుమారు మూడింట రెండు వంతులు తగ్గిస్తుంది. అంత మేలు చేసే మందులు వైద్యంలో ఎన్నో లేవు. చిక్కంతా మోతాదుది. అది తక్కువైతే గడ్డ, ఎక్కువైతే రక్తస్రావం. ఈ రెంటి మధ్య సన్నటి గట్టు మీద నడిపించేదే ఐఎన్ఆర్ పరీక్ష. గుండె లయ తప్పినవాళ్లకు సాధారణంగా అది 2కీ 3కీ మధ్య ఉండాలి. ఆపరేషన్ రోజుకు 1.5 కన్నా దిగాలి. ముందురోజు పరీక్ష చేయించకుండా 'ఐదు రోజులు ఆపాంగా, సరిపోతుందిలే' అనుకోకూడదు. కొందరిలో, ముఖ్యంగా వయసు పైబడినవాళ్లలో, మందు నెమ్మదిగా దిగుతుంది.

బొడ్డు పక్కన ఇంజెక్షన్లు

వార్ఫరిన్ ఆపిన ఐదు రోజులూ రక్షణ లేకుండా ఎలా అన్న బెంగ డాక్టర్లకూ ఉండేది. అందుకని మధ్యలో పొట్ట మీద బొడ్డు పక్కన హెపారిన్ జాతి ఇంజెక్షన్లు ఇవ్వడం చాలా ఏళ్లు ఆనవాయితీగా నడిచింది. (ఈ ఇంజెక్షన్లతో హైదరాబాద్‌కు దగ్గర చుట్టరికమే ఉంది. 1978లో మొదలైన ఇక్కడి గ్లాండ్ ఫార్మా హెపారిన్‌తో పేరు తెచ్చుకుంది. అది పంది పేగుల నుంచి తీసే మందు అని చాలామంది రోగులకు తెలియదు.)

2015లో 'బ్రిడ్జ్' అనే అధ్యయనం ఈ ఆనవాయితీని తలకిందులు చేసింది. గుండె లయ తప్పి వార్ఫరిన్ వాడుతూ ఆపరేషన్‌కు వచ్చిన 1,884 మందిని రెండు జట్లు చేశారు. ఒక జట్టుకు అసలు ఇంజెక్షను, మరో జట్టుకు ఉత్తుత్తి ఇంజెక్షను. పక్షవాతం వంటి గడ్డ సమస్యలు ఇంజెక్షను తీసుకున్నవాళ్లలో వెయ్యికి ముగ్గురికి, తీసుకోనివాళ్లలో వెయ్యికి నలుగురికి వచ్చాయి. అంటే తేడా లేనట్టే. పెద్ద రక్తస్రావం మాత్రం ఇంజెక్షను తీసుకోనివాళ్లలో వెయ్యికి 13 మందికైతే, తీసుకున్నవాళ్లలో 32 మందికి. కాపాడుతుందనుకున్న సూదే రక్తం కార్పించింది.

ఇక్కడో మెలిక ఉంది. లోహపు కవాటం ఉన్నవాళ్లను ఆ అధ్యయనంలో చేర్చుకోలేదు. కాబట్టి 'ఇంజెక్షన్లు దండగట' అని వాళ్లు ఈ ముక్క పట్టుకుని డాక్టరుతో వాదనకు దిగకూడదు. వాళ్ల లెక్క వేరు.

కొత్త మాత్రలకు ఈ తంటా చాలావరకు లేదు. త్వరగా ఎక్కుతాయి, త్వరగా దిగుతాయి. 2019లో వెలువడిన 'పాజ్' అధ్యయనంలో 3,007 మందికి ఇంజెక్షన్లు లేకుండానే, చిన్నా మధ్యరకం కోతలకు ఒక రోజు, పెద్ద కోతలకు రెండు రోజులు మాత్ర ఆపి ఆపరేషన్లు చేశారు. పెద్ద రక్తస్రావం ఏ మందులోనూ నూటికి ఇద్దరికి మించలేదు. పక్షవాతం నూటికి ఒకరికన్నా తక్కువ. అయితే డాబిగాట్రాన్ ఎక్కువగా మూత్రపిండాల ద్వారానే బయటికి పోతుంది. కిడ్నీలు మందగించిన వాళ్లకు దాన్ని ఇంకా ముందే ఆపాలి. ఆపరేషన్ ముందు రాసే క్రియాటినిన్ పరీక్ష ఊరికే బిల్లు పెంచడానికి కాదన్నమాట.

స్టెంట్ ఉన్నవాళ్లు

తొందరపడి ఆపకూడని మందులు ముఖ్యంగా ఇక్కడ ఉన్నాయి. స్టెంట్ అంటే రక్తనాళంలో పెట్టిన పరాయి లోహపు వల. దాని మీద లోపలి పొర పూర్తిగా కప్పుకునే దాకా ప్లేట్‌లెట్లు దాన్ని గాయంగానే చూస్తాయి. ఆ లోపల మందులు ఆపితే స్టెంట్ ఒక్కసారిగా పూడుకుపోవచ్చు. అలా పూడుకుంటే వచ్చేది మామూలు గుండెపోటు కాదు, చాలామందిని బతకనివ్వనిది. పైగా ఆపరేషన్ దెబ్బకు శరీరంలో గడ్డకట్టే గుణం దానంతటదే పెరుగుతుంది. మందు ఆపడం, కోత పెట్టడం రెండూ ఒకే వారంలో జరిగితే అగ్గికి ఆజ్యం పోసినట్టే.

అందుకే అత్యవసరం కాని ఆపరేషన్లను స్టెంట్ వేశాక ఆరు నెలలు, గుండెపోటుకు వేసిన స్టెంట్ అయితే ఏడాది వాయిదా వేయమంటారు. పిత్తాశయంలో నొప్పి లేని రాళ్లు, మోకాలి మార్పిడి, హెర్నియా... ఇవన్నీ ఆగగలవు. 'బిడ్డకు ఇప్పుడే సెలవులు దొరికాయి' అన్నది ఆపరేషన్ తేదీ నిర్ణయించడానికి కారణం కాకూడదు. మూసాపేట, కూకట్‌పల్లి ఇళ్లలో ఎన్నో ఆపరేషన్ల ముహూర్తాలు ప్రాజెక్టు డెడ్‌లైన్లను బట్టే పడుతుంటాయన్నది వేరే చెప్పాలా?

ఆగలేని ఆపరేషన్ అయితే క్లోపిడోగ్రెల్‌ను ఐదు రోజులు, టికాగ్రెలార్‌ను మూడు నుంచి ఐదు రోజులు, ప్రాసుగ్రెల్‌ను ఏడు రోజుల ముందు ఆపి, ఆస్ప్రిన్‌ను మాత్రం కొనసాగించడం సాధారణ పద్ధతి. ఆస్ప్రిన్ విషయంలో 2014 నాటి 'పాయిస్-2' అధ్యయనం చెప్పుకోదగ్గది. 23 దేశాల్లో 10,010 మందికి ఆపరేషన్ సమయంలో ఆస్ప్రినో, ఉత్తుత్తి మాత్రో ఇచ్చారు. గుండెపోటు, మరణాలు రెండు జట్లలోనూ సమానం, నూటికి ఏడు. పెద్ద రక్తస్రావం మాత్రం ఆస్ప్రిన్ జట్టులో 4.6 శాతం, మరో జట్టులో 3.8 శాతం. అంటే ముందుజాగ్రత్తగా ఆస్ప్రిన్ వేసుకునేవాళ్లు దాన్ని ఆపుకోవచ్చు. కానీ అదే అధ్యయనంలో అంతకుముందు స్టెంటో, బెలూన్ చికిత్సో జరిగినవాళ్లను విడిగా చూస్తే ఆస్ప్రిన్ వాళ్లను కాపాడింది. చూడటానికి ఒకే 75 మిల్లీగ్రాముల మాత్ర. ఇద్దరికి రెండు రకాల సలహా.

ఆరోగ్యశ్రీ తరం

ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో ఆరోగ్యశ్రీ వచ్చాక గుండె ఆపరేషన్లు పేద ఇళ్లకూ అందాయి. చిన్నప్పుడు గొంతునొప్పితో మొదలైన కీళ్లవాతపు జ్వరం గుండె కవాటాల్ని తినేసిన కూలీలకు, యువతులకు కొత్త కవాటాలు అమిరాయి. తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థ తయారుచేసి 1990లో తొలిసారి మనిషికి అమర్చిన దేశీయ కవాటం వంటివి ఖర్చును ఇంకా దించాయి. ఆపరేషన్ ఉచితం. తర్వాత బతికినంత కాలం మాత్ర, నెలనెలా ఐఎన్ఆర్ మాత్రం వాళ్ల పని. ఊళ్లో పరీక్ష దొరకదు, పట్నం పోతే ఆ పూట కూలి పోతుంది. ఈ మందుల వల్ల ఎక్కువ నష్టపోయేది వీళ్లే, ఆపితే ఎక్కువ నష్టపోయేదీ వీళ్లే.

వీళ్లకు కొత్త మాత్రలు పనికిరావు. లోహపు కవాటాలకు డాబిగాట్రాన్ ఇచ్చి చూసిన అధ్యయనాన్ని గడ్డలు, రక్తస్రావాలు రెండూ పెరగడంతో మధ్యలోనే ఆపేశారు. 2013లో ఆ సంగతి బయటికొచ్చింది. కీళ్లవాతం వల్ల కవాటాలు దెబ్బతిని గుండె లయ తప్పినవాళ్ల మీద, మన దేశం సహా 24 దేశాల్లో జరిగిన 'ఇన్విక్టస్' అధ్యయనం ఫలితం 2022లో వచ్చింది. 4,531 మంది, సగటు వయసు యాభై, నూటికి డెబ్భై మందికి పైగా ఆడవాళ్లు. ఖరీదైన రివరాక్సాబాన్ కన్నా పాత వార్ఫరిన్ జాతి మందు వాడినవాళ్లలోనే మరణాలు తక్కువ. కొత్తదంతా మేలుకాదనడానికి ఇంతకన్నా ఉదాహరణ అక్కర్లేదు.

లోహపు కవాటం ఉన్న యువతి గర్భం దాలిస్తే లెక్క మరీ చిక్కుపడుతుంది. తొలి నెలల్లో వార్ఫరిన్ బిడ్డకు హాని చేయగలదు. ఆపితే తల్లి కవాటం పూడుకోవచ్చు. కాన్పు దగ్గరపడితే హెపారిన్‌కు మార్చి, నొప్పుల సమయానికి దాన్నీ ఆపాలి. నెల తప్పిన వారంలోనే గుండె డాక్టరునూ, కాన్పుల డాక్టరునూ ఒకచోట కూర్చోబెట్టగలిగే ఆసుపత్రికి చేరాలి.

పన్ను పీకడానికి ఆపాలా?

అక్కర్లేదు. ఒకటి రెండు పళ్లు పీకడానికి, శుక్లానికి చుక్కలమందు మత్తుతో చేసే ఆపరేషన్‌కు సాధారణంగా మందులు ఆపాల్సిన పనిలేదు. పన్ను పీకిన గుంటలో కుట్టు వేసి, ట్రానెక్సామిక్ ఆమ్లంలో తడిపిన దూది అదిమిపెడితే రక్తం ఆగుతుంది. వార్ఫరిన్ వాడేవాళ్లు ముందు ఐఎన్ఆర్ చూపించుకుని, 3.5 దాటలేదని తేలాక పొద్దుటిపూట, వారం మొదట్లో పీకించుకుంటే మంచిది. సాయంత్రం రక్తం కారితే క్లినిక్ ఇంకా తెరిచే ఉంటుంది. శనివారం రాత్రి పీకించుకుంటే ఆదివారం ఎక్కడికి వెళ్తారు?

అసలు ప్రమాదం పన్ను దగ్గర కాదు, ఆ తర్వాత రాసే చీటీ దగ్గర. నొప్పికి డైక్లోఫెనాకో, ఐబుప్రోఫెనో వేసుకుంటే కడుపులో పుండుపడి రక్తం కారే అవకాశం పెరుగుతుంది. పంటి ఇన్‌ఫెక్షన్‌కు మామూలుగా రాసే మెట్రోనిడజోల్ వార్ఫరిన్ ప్రభావాన్ని బాగా పెంచేస్తుంది. నొప్పికి పారాసెటమాల్ మేలు. అదైనా రోజుల తరబడి నిండు మోతాదులో వేసుకుంటే ఐఎన్ఆర్ చూపించుకోవాలి.

మూసాపేట పక్కనే ఉన్న ఎర్రగడ్డ అనగానే జనానికి ఛాతీ ఆసుపత్రి గుర్తొస్తుంది. క్షయ మందుల్లో ప్రధానమైన రిఫాంపిసిన్‌కూ వార్ఫరిన్‌కూ అస్సలు పడదు. కాలేయం వార్ఫరిన్‌ను గబగబా ఖర్చు చేసేలా అది చేస్తుంది. మోతాదు ఎంత పెంచినా ఐఎన్ఆర్ ఎక్కదు. తీరా ఆరు నెలల క్షయ చికిత్స అయిపోయి రిఫాంపిసిన్ ఆపాక, పెంచిన వార్ఫరిన్‌ను తగ్గించకపోతే రెండు మూడు వారాల్లో ఐఎన్ఆర్ ఆకాశానికి ఎక్కుతుంది. జబ్బు నయమైందని స్వీట్లు పంచుకునే సమయంలో రక్తస్రావం మొదలవుతుంది.

ఆకుకూరల గొడవ కూడా ఇక్కడే తేల్చేద్దాం. వార్ఫరిన్ పనిచేసేది విటమిన్-కెకి అడ్డుపడి. ఆ విటమిన్ పాలకూరలో, తోటకూరలో, మునగాకులో పుష్కలం. అందుకని ఆకుకూరలు పూర్తిగా మానమని చెప్పేవాళ్లున్నారు. అది అతి. వారానికి మూడుసార్లు తినే అలవాటుంటే ఎప్పుడూ మూడుసార్లే తినాలి. పథ్యమని ఆపరేషన్ తర్వాత పదిహేను రోజులు చారన్నంతో సరిపెట్టి, మాత్ర మాత్రం పాత మోతాదులోనే వేస్తే ఐఎన్ఆర్ పెరుగుతుంది. కొత్త మాత్రలకు ఈ ఆకుకూరల లెక్క లేదు.

తుంటి విరిగినప్పుడు

ఇప్పటిదాకా చెప్పినవన్నీ తీరిగ్గా ముహూర్తం పెట్టుకునే ఆపరేషన్లు. బామ్మ బాత్‌రూమ్‌లో జారిపడి తుంటి విరిగితే ఐదు రోజులు ఆగడం కుదరదు. మంచం పట్టిన వృద్ధులకు నిమ్ము, పడక పుండ్లు, కాళ్లలో గడ్డలు త్వరగా వస్తాయి. ఒకటి రెండు రోజుల్లో ఆపరేషన్ కావాలి. వార్ఫరిన్ మీద ఉంటే విటమిన్-కె ఇచ్చి దించుతారు, మరీ తొందరైతే గడ్డకట్టించే ప్రోటీన్ల గాఢ మిశ్రమమో, ప్లాస్మానో ఎక్కిస్తారు. క్లోపిడోగ్రెల్ మీద ఉంటే దానికి విరుగుడు లేదు. అయినా దానికోసం వారం ఆగమనరు. నడుములో సూదితో ఇచ్చే మత్తుకు బదులు పూర్తి మత్తు ఇచ్చి చేస్తారు. వెన్నుపాము పక్కన రక్తం గడ్డకడితే కాళ్లు చచ్చుబడతాయి కాబట్టి మత్తు డాక్టరు ఆ జాగ్రత్త తీసుకుంటాడు. అందుకే మాత్రల సంగతి దాచకుండా చెప్పాల్సిన మొదటి మనిషి సర్జన్ కాదు, మత్తు డాక్టరు. మన జనం ఆయన పేరు కూడా అడగరు.

డాబిగాట్రాన్‌కు 2015లో ఇడారుసిజుమాబ్ అనే విరుగుడు వచ్చింది. నిమిషాల్లో పనిచేస్తుంది గానీ చాలా ఖరీదు. అంతకన్నా ఎన్నో రెట్లు చవకైనది ట్రానెక్సామిక్ ఆమ్లం. కాన్పుల్లో రక్తం పోయి చనిపోతున్న తల్లుల కోసం జపాన్‌లో ఉటాకో ఒకామోటో అనే డాక్టరమ్మ తన భర్తతో కలిసి కనిపెట్టి 1962లో లోకానికి చెప్పిన మందు అది. కట్టిన గడ్డ కరిగిపోకుండా చూస్తుంది. 2022లో వచ్చిన 'పాయిస్-3' అధ్యయనంలో, గుండెకు కాక ఇతర భాగాలకు ఆపరేషన్ జరిగిన 9,535 మందిని పరిశీలిస్తే, ఈ మందు ఇచ్చిన జట్టులో తీవ్రమైన రక్తస్రావం 9.1 శాతం, ఇవ్వని జట్టులో 11.7 శాతం.

ఆపారు సరే, మళ్లీ ఎప్పుడు?

ఆపరేషన్ ముందు పదిమంది పది సలహాలు చెబుతారు. అయిపోయాక ఒక్కరూ అడగరు. పక్షవాతాల్లో కొన్ని ఇక్కడే పుడతాయి. ఐదు రోజులని ఆపిన మాత్ర ఐదు వారాలైనా డబ్బాలోనే ఉంటుంది. కుట్లు విప్పిన డాక్టరు తన పని అయిపోయిందనుకుంటాడు. ఊళ్లో గుండె డాక్టరుకు ఆపరేషన్ జరిగినట్టే తెలియదు. మనిషి బాగానే తిరుగుతున్నాడు కదా, మాత్ర లేకపోతేనే హాయిగా ఉందని కూడా అంటాడు. మాత్ర ఆపితే ఒంట్లో తెలిసే తేడా ఏదీ ఉండదు మరి.

సాధారణంగా వార్ఫరిన్‌ను ఆపరేషన్ జరిగిన 24 గంటల లోపే, పాత మోతాదులోనే మొదలుపెడతారు. అది ఎక్కడానికే నాలుగైదు రోజులు పడుతుంది కాబట్టి ఆ తొందరలో ప్రమాదం లేదు. కొత్త మాత్రలు మింగిన రెండు మూడు గంటల్లోనే పూర్తిగా పనిచేస్తాయి. అందుకని చిన్న కోత అయితే ఒక రోజు, పెద్ద కోత అయితే రెండు మూడు రోజులు ఆగి మొదలుపెడతారు. క్లోపిడోగ్రెల్ కూడా 24 గంటల్లో. గాయం నుంచి ఇంకా ఊటగా వస్తుంటే సర్జన్ మరో రోజు ఆపవచ్చు. ఆ నిర్ణయం ఆయనదే, పక్కింటాయనది కాదు.

డిశ్చార్జి చీటీలో 'పాత మందులు కొనసాగించండి' అని ఒక్క ముక్క రాసి పంపేస్తుంటారు. పాత మందులేవో చీటీలో ఉండవు. ఆ కాగితం అందుకోగానే, బిల్లు కౌంటరు దగ్గరికి వెళ్లకముందే మూడు విషయాలు పెన్నుతో రాయించుకోవాలి. మాత్ర పేరు, మళ్లీ మొదలుపెట్టే తేదీ, వార్ఫరిన్ జాతి అయితే మొదటి ఐఎన్ఆర్ తేదీ. ఆ చీటీని, మాత్రల స్ట్రిప్పును కలిపి ఫొటో తీసి ఊళ్లో డాక్టరుకు వాట్సాప్‌లో పంపడానికి ఒక నిమిషం చాలు. ఇంటికెళ్లాక మలం తారులా నల్లగా వచ్చినా, మూత్రం ఎర్రబడినా, కట్టు మీద కట్టు తడుస్తున్నా, తలకు దెబ్బ తగిలి నొప్పి మొదలైనా ఎంత రాత్రయినా ఆసుపత్రికి వెళ్లాలి. మూతి వంకరపోయినా, మాట తడబడినా, చెయ్యి పడిపోయినా అంతే. పక్షవాతానికి గడ్డ కరిగించే సూదిమందు వేయడానికి ఉండే గడువు నాలుగున్నర గంటలు. కొత్తగా ఆపరేషన్ అయినవాళ్లకు ఆ సూది వేయడం చాలాసార్లు కుదరదు. గడ్డను తీగతో లాగేసే చికిత్స చేసే ఆసుపత్రి ఏదో తెలుసుకుని నేరుగా అక్కడికే వెళ్లాలి. వెంట మాత్రల కవరు మరిచిపోకూడదు.